రెండు సీసాలు, 162 ఆటలు

1961లో రోజర్ మారిస్ అనే న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ ఆటగాడు ఒక్క సీజన్‌లో బంతిని కంచె దాటించి 61 హోమ్ రన్లు కొట్టాడు. 37 ఏళ్లపాటు ఆ లెక్క ఎవరికీ అందలేదు. 1998లో మార్క్ మెగ్వైర్ 70, సామీ సోసా 66 కొట్టారు. మరుసటి ఏడు మెగ్వైర్ 65, సోసా 63. 2001లో సోసా 64, బ్యారీ బాండ్స్ 73. అంతకాలం ఎవరూ దాటని గీతను నాలుగేళ్లలో ముగ్గురు ఆటగాళ్లు ఆరుసార్లు దాటారు. కండ పెంచే మందులకు పరీక్షలు, శిక్షలు మొదలయ్యాక 61 దాటినవాడు మళ్లీ 2022లో గానీ కనిపించలేదు. ఆ ఆరన్ జడ్జ్ కూడా 62 దగ్గర ఆగాడు.

ఈ అంకెలు చూడగానే తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. తొందర వద్దు. 2019 సీజన్‌లో అన్ని జట్లూ కలిపి 6,776 హోమ్ రన్లు కొట్టాయి. స్టెరాయిడ్ల కాలమని పేరుపడ్డ 2000లో కొట్టినవి 5,693 మాత్రమే. 2019లో బంతి మీద గాలి నిరోధం తగ్గడం అందుకు ముఖ్య కారణమని పరిశీలకులు తేల్చారు. అంటే స్కోరు పట్టిక చూసి ఎవరు మందు వాడారో చెప్పలేం. పెరిగిన కండ చూసి చెప్పడం అంతకన్నా అన్యాయం. సాక్ష్యం కావాలంటే మూత్రం కావాలి, రక్తం కావాలి. వాటిని ఎవరు తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోవాలి, తప్పు తేలితే ఏం చేయాలి అన్న ప్రశ్నల దగ్గరే అమెరికా బేస్‌బాల్ దశాబ్దానికి పైగా కాలక్షేపం చేసింది. ప్రయోగశాలలు ఎప్పుడో సిద్ధంగా ఉన్నాయి. సిద్ధంగా లేనిది ఆటే.

ముందు మందు సంగతి. టెస్టోస్టెరాన్ మగవారి శరీరంలో సహజంగా తయారయ్యే హార్మోన్. కండర కణాల్లోకి వెళ్లి అక్కడి గ్రాహకాన్ని అంటుకుని, ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. అనబాలిక్ స్టెరాయిడ్లంటే ఆ అణువుకే చిన్నచిన్న మార్పులు చేసి తయారుచేసిన రూపాలు. ఉదాహరణకు స్టానొజొలాల్‌లో 17వ కార్బన్ దగ్గర ఒక మిథైల్ సమూహాన్ని తగిలించారు. దానివల్ల మాత్ర మింగినా కాలేయం దాన్ని వెంటనే విరగ్గొట్టలేదు. ఆ మొండితనమే కాలేయానికి చేటు తెస్తుంది. బయటినుంచి హార్మోన్ వస్తోందని గుర్తించిన మెదడు వృషణాలకు పంపే ఆజ్ఞలు ఆపేస్తుంది, అవి కుంచించుకుపోతాయి. రక్తంలో మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె గోడలు మందమవుతాయి.

కండ పెరిగితే బ్యాటర్‌కు చూపు పెరగదు కదా, గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని తాకడం నైపుణ్యమే కదా అని చాలామంది వాదించారు. ఆ వాదనకు టఫ్ట్స్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త రోజర్ టోబిన్ 2008లో లెక్కతో జవాబు చెప్పారు. కండరాలు 10 శాతం పెరిగితే బ్యాట్ వేగం సుమారు 5 శాతం పెరుగుతుంది. బ్యాట్‌ను వదిలే బంతి వేగం 4 శాతం దాకా పెరుగుతుంది. చూడటానికి ఇది చాలా స్వల్పం. కానీ మంచి హిట్టర్ కొట్టిన బంతుల్లో ఎన్నో కంచెకు కాస్త ఇవతలే పడుతుంటాయి. క్రికెట్‌లో బౌండరీ తాడు దగ్గర క్యాచ్ అయ్యే బంతికి ఇంకో నాలుగు గజాల ఊపు ఇస్తే అది సిక్సర్ అయినట్టే, ఇక్కడ ఆ 4 శాతంతో హోమ్ రన్లు సగానికి సగం పెరగొచ్చు. నైపుణ్యం లేనివాణ్ని మందు హిట్టర్‌ని చేయదు. ఉన్నవాణ్ని మాత్రం చరిత్రలోకి ఎక్కిస్తుంది. ఇంకో లాభం బయటికి కనిపించదు. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ దాకా ఒక్కో జట్టు 162 ఆటలు ఆడాలి. అలసిన కండ రాత్రికి రాత్రి కోలుకోవడమే అక్కడ సగం బలం.

ఒలింపిక్స్‌లో స్టెరాయిడ్ పరీక్షలు 1976లో మాంట్రియల్‌లో మొదలయ్యాయి. 1988లో సోల్‌లో పరుగుల ఆటగాడు బెన్ జాన్సన్ పట్టుబడ్డాడు. బేస్‌బాల్‌లో? 1991 జూన్‌లో కమిషనర్ ఫే విన్సెంట్ స్టెరాయిడ్లు నిషిద్ధమని జట్లకు ఒక మెమో పంపారు. ఆటగాళ్లందరికీ పరీక్ష అన్న మాట అందులో లేదు, ఉండడానికి వీలూ లేదు. పరీక్ష పెట్టాలంటే ఆటగాళ్ల సంఘం ఒప్పుకోవాలి. అమెరికా కార్మిక చట్టం ప్రకారం అది పని షరతుల్లో మార్పు, బేరంలో తేలాల్సిన విషయం. 1994లో ఆటగాళ్లు సమ్మె చేశారు, ఆ ఏడాది ప్రపంచ సిరీస్ రద్దయింది, జనం మైదానాలకు దూరమయ్యారు. 1998లో మెగ్వైర్, సోసాల పోటీ వాళ్లను తిరిగి రప్పించింది. ఆ ఆగస్టులో మెగ్వైర్ లాకర్‌లో ఆండ్రోస్టెనెడియోన్ అనే మందు సీసాను ఒక విలేకరి చూసి రాస్తే, సమాజం కోపం మందు మీదికన్నా ఎక్కువగా విలేకరి మీదికి మళ్లింది. అప్పటికి ఆ పదార్థం దుకాణాల్లో దొరికేది, లీగ్ నిషేధించలేదు. టికెట్లు అమ్ముడుపోతున్నప్పుడు యజమానులకు గానీ, జీతాలు పెరుగుతున్నప్పుడు సంఘానికి గానీ ప్రశ్న అడగాలనిపించలేదు. ఈ విషయంలో ఇద్దరి బాధ్యతా సమానమే అని నా అభిప్రాయం.

2002లో కెన్ కామినిటి అనే ఆటగాడు తాను 1996లో నేషనల్ లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు గెలిచిన సీజన్‌లో స్టెరాయిడ్లు వాడానని పత్రికకు చెప్పాడు. రెండేళ్లకే చనిపోయాడు. ఆ 2002 ఆగస్టులోనే కొత్త ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 2003లో అందరికీ పేర్లు లేకుండా పరీక్ష చేస్తారు. ఎవరికీ శిక్ష ఉండదు. 5 శాతం కన్నా ఎక్కువ మంది దొరికితేనే 2004 నుంచి శిక్షలతో కూడిన పరీక్షలు. పరీక్ష ఉంటుందని ముందే తెలుసు. అయినా 5 నుంచి 7 శాతం ఫలితాలు పాజిటివ్‌గా వచ్చాయి.

ఆ ‘పేర్లు లేని’ పరీక్షకు ఒక చేదు అధ్యాయం ఉంది. నమూనాలను పేర్లతో కలపగల జాబితాను నాశనం చేయాల్సింది, చేయలేదు. 2004లో వేరే కేసులో సోదాకు వచ్చిన ఫెడరల్ అధికారులు దాన్ని పట్టుకుపోయారు. ఆ స్వాధీనం చెల్లదని తర్వాత అప్పీలు కోర్టు తేల్చింది. అప్పటికే పేర్లు ఒక్కొక్కటిగా బయటికి పొక్కాయి. 2009లో అలెక్స్ రోడ్రిగెజ్ పేరు అలాగే వచ్చింది, అతను ఒప్పుకున్నాడు. అతను తప్పు చేసిన మాట నిజమే. కానీ గోప్యత పేరుతో ఇచ్చిన మాట తప్పడం కూడా తప్పే. పరీక్షలను సంఘం ఏళ్ల తరబడి అడ్డుకున్నప్పుడు చెప్పిన భయం సరిగ్గా ఇదే.

ఇక ప్రయోగశాలలోకి వెళదాం. నమూనా తీసుకునే మనిషి చెప్పకుండా వస్తాడు. ఆటగాడు అతని కళ్ల ముందే మూత్రం పోయాలి. దాన్ని ‘ఎ’, ‘బి’ అని రెండు సీసాల్లోకి సర్ది, సీలు వేసి, పేరుకు బదులు సంఖ్య రాసి ప్రయోగశాలకు పంపుతారు. ‘ఎ’ సీసాలో మందు దొరికితే, ఆటగాడు కోరినప్పుడు ‘బి’ సీసా తెరుస్తారు. స్టానొజొలాల్ లాంటి కృత్రిమ మందును పట్టడం ఇప్పుడు తేలిక. అది శరీరంలో సహజంగా ఉండదు, దాని అవశేషం కనబడిందంటే చాలు. మాస్ స్పెక్ట్రోమీటర్ అణువును ముక్కలు చేసి, ఆ ముక్కల బరువుల వరుసను బట్టి అది ఏమిటో చెబుతుంది.

కానీ యంత్రం తనకు ఏం వెతకమని చెప్పారో దాన్నే వెతుకుతుంది. కాలిఫోర్నియాలో బాల్కో అనే సంస్థ ఈ బలహీనత మీదే వ్యాపారం కట్టింది. ప్యాట్రిక్ ఆర్నల్డ్ అనే రసాయనవేత్త తయారుచేసిన టీహెచ్‌జీ అనే స్టెరాయిడ్ ఏ జాబితాలోనూ లేదు. పైగా అప్పటి పరీక్ష పద్ధతిలో నమూనాను యంత్రానికి సిద్ధం చేసే దశలోనే ఆ అణువు చితికిపోయేది. దాంతో యంత్రానికి ఏమీ కనిపించేది కాదు. 2003 జూన్‌లో ట్రెవర్ గ్రాహం అనే పరుగుల కోచ్ వాడేసిన సిరంజి ఒకటి అమెరికా డోపింగ్ నిరోధక సంస్థకు పంపాడు. లాస్ ఏంజెలెస్‌లో డాన్ క్యాట్లిన్ బృందం అందులో మిగిలిన పదార్థం నుంచి ఆ అణువు రూపాన్ని తేల్చి, దాన్ని చెడగొట్టకుండా పట్టే కొత్త పరీక్ష తయారుచేసింది. లోపలి మనిషి ఆ సిరంజి పంపకపోతే ఆ పరీక్ష పుట్టేదే కాదు.

అసలు చిక్కు టెస్టోస్టెరాన్ దగ్గర ఉంది. అది అందరి ఒంట్లోనూ ఉండేదే. మూత్రంలో కనిపించింది శరీరం తయారుచేసిందా, సూదితో ఎక్కిందా? మొదట కనిపెట్టిన ఉపాయం ఎపిటెస్టోస్టెరాన్. ఇది టెస్టోస్టెరాన్‌కు కవల లాంటి అణువు, కండ పెంచదు. సాధారణంగా ఈ రెండూ దాదాపు సమానంగా బయటికి వస్తాయి. బయటినుంచి టెస్టోస్టెరాన్ తీసుకుంటే అదొక్కటే పెరుగుతుంది. నిష్పత్తి నాలుగు దాటితే అనుమానం. అయితే టెస్టోస్టెరాన్‌ను మూత్రంలోకి పంపే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు కొందరిలో పూర్తిగా ఉండదు. కొరియన్లలో సుమారు మూడింట రెండు వంతుల మందికి, స్వీడన్ వాసుల్లో పదిమందిలో ఒకరి కన్నా తక్కువ మందికి ఇలా లేదని పరిశోధకులు గుర్తించారు. అలాంటివారు సూది వేయించుకున్నా నిష్పత్తి నాలుగు దాటకపోవచ్చు. అందుకే ఇప్పుడు ఆటగాడి సంఖ్యను జనం సగటుతో మాత్రమే కాకుండా అతని పాత సంఖ్యలతోనూ పోల్చి చూస్తారు.

రెండో ఉపాయం నాకు అబ్బురంగా అనిపిస్తుంది. కార్బన్‌లో ఎక్కువ భాగం కార్బన్-12. వందలో ఒకటి చొప్పున కాస్త బరువైన కార్బన్-13 ఉంటుంది. వరి, గోధుమ, సోయా వంటి మొక్కలు గాలిలోంచి కార్బన్ తీసుకునేటప్పుడు బరువైన రకాన్ని ఎక్కువగా వదిలేస్తాయి. మొక్కజొన్న, జొన్న, సజ్జ, చెరకు కిరణజన్య సంయోగక్రియను వేరే దారిలో చేస్తాయి గనుక అంతగా వదలవు. మనం తిన్న గింజల ముద్ర మన ఒంటి కార్బన్‌లో మిగిలిపోతుంది. జొన్నరొట్టె, జొన్న సంగటి తినేవారికి, వరి అన్నం తినేవారికి మధ్య ఈ తేడా యంత్రానికి కనిపించేంత ఉంటుంది. మొక్కజొన్న మేసిన పశువుల మాంసం, మొక్కజొన్న పాకంతో తీపి చేసిన పానీయాలు తీసుకునే అమెరికన్ ఒంట్లో కార్బన్-13 ఎక్కువ. మందుల కంపెనీలు టెస్టోస్టెరాన్‌ను ప్రధానంగా సోయా, అడవి దుంపల్లోని పదార్థాల నుంచి తయారుచేస్తాయి. అందులో కార్బన్-13 తక్కువ. కాబట్టి మూత్రంలోని టెస్టోస్టెరాన్ కార్బన్‌ను కొలిచి, అదే మనిషి శరీరం తయారుచేసిన వేరే స్టెరాయిడ్ కార్బన్‌తో పోలుస్తారు. మనిషి అన్నం తిన్నా, రొట్టె తిన్నా ఆ రెండూ ఒకేలా ఉండాలి. తేడా వస్తే ఆ టెస్టోస్టెరాన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే.

ఇంత సూక్ష్మమైన శాస్త్రం కూడా ఒక వారాంతం దగ్గర తడబడింది. మిల్వాకీ బ్రూవర్స్ ఆటగాడు రయాన్ బ్రాన్ 2011లో నేషనల్ లీగ్ ఉత్తమ ఆటగాడు. ఆ అక్టోబర్ 1, శనివారం తీసుకున్న అతని నమూనాలో టెస్టోస్టెరాన్ నిష్పత్తి హద్దును ఎంతో మించింది. కానీ కొరియర్ ఆ రోజు తీసుకెళ్లదనుకుని నమూనా సేకరించిన వ్యక్తి దాన్ని సోమవారం దాకా ఇంట్లో ఉంచాడు. సీలు చెదరలేదు. అయినా నియమం ప్రకారం పంపలేదన్న కారణంతో మధ్యవర్తి శ్యామ్ దాస్ 2012 ఫిబ్రవరిలో శిక్ష కొట్టివేశారు. కొన్ని నెలలకే లీగ్ ఆయన్ను తొలగించింది. బ్రాన్ ఆ సేకరణ ఉద్యోగినే అనుమానించేలా మాట్లాడాడు. 2013లో వేరే సాక్ష్యాలు బయటపడ్డాక 65 ఆటల సస్పెన్షన్‌కు తలవంచాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు. నియమం నియమమే, దాస్ తీర్పును నేను తప్పుపట్టను. ఆ ఉద్యోగి పరువు పోయిన నెలల సంగతే బాధిస్తుంది.

బ్రాన్‌ను పట్టించినది మూత్రం కాదు, నోటు పుస్తకాలు. ఫ్లోరిడాలో బయోజెనెసిస్ అనే క్లినిక్ నడిపిన ఆంథొనీ బాష్ దగ్గరి రికార్డులు 2013 జనవరిలో ఒక మయామీ వారపత్రికకు చేరాయి. ఆగస్టు 5న ఒక్కరోజే 13 మందికి శిక్ష పడింది. వారిలో చాలామంది పరీక్షల్లో దొరకనే లేదు. కొద్ది మోతాదులో టెస్టోస్టెరాన్ బిళ్లలు వాడి, పరీక్షవాళ్లు వచ్చేలోగా అది ఒంట్లోంచి పోయేలా చూసుకునేవారు. రోడ్రిగెజ్‌కు 211 ఆటల శిక్ష వేశారు, మధ్యవర్తి దాన్ని 2014 సీజన్ మొత్తానికి, అంటే 162 ఆటలకు తగ్గించారు.

శిక్షలు ఎలా మారాయో చూస్తే ఆ ఆట మనసు ఎలా మారిందో తెలుస్తుంది. 2004లో మొదటిసారి దొరికితే చికిత్స, పేరు కూడా బయటికి రాదు. 2005లో పది రోజులు. ఆ మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు రఫేల్ పల్మేరో వేలు చూపించి మరీ తానెప్పుడూ స్టెరాయిడ్లు వాడలేదన్నాడు. ఆగస్టు 1న అతను దొరికిన సంగతి బయటపడింది. మందు స్టానొజొలాల్, బెన్ జాన్సన్ వాడినదే. ఆ అవమానం పని చేసింది: 2005 నవంబర్‌లోనే మొదటిసారికి 50 ఆటలు, రెండోసారికి 100, మూడోసారికి జీవితకాల నిషేధం అని ఒప్పందం మారింది. 2014 నుంచి మొదటిసారికి 80, రెండోసారికి 162. సస్పెండైన రోజులకు జీతం రాదు, ఆ ఏడాది చివరి టోర్నీ ఆడే వీల్లేదు. 2016లో న్యూయార్క్ మెట్స్ పిచర్ హెన్రీ మెహియా మూడోసారి దొరికి జీవితకాల నిషేధానికి గురయ్యాడు. గుర్రాలకు వాడే బోల్డెనోన్ కూడా అతని నమూనాలో దొరికింది. రెండేళ్ల తర్వాత షరతులతో అతనికి మళ్లీ అవకాశం ఇచ్చారు.

ఇదంతా కఠినంగానే ఉందనిపిస్తుంది. డబ్బు లెక్క వేస్తే అభిప్రాయం మారుతుంది. బయోజెనెసిస్ కేసులో 50 ఆటలు పోగొట్టుకున్న జానీ పెరాల్టా ఆ ఏడాదే నవంబర్‌లో సెయింట్ లూయిస్ జట్టుతో నాలుగేళ్లకు 5 కోట్ల 30 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. శాన్ డియేగో ఆటగాడు ఫెర్నాండో టాటిస్ జూనియర్ 2022 ఆగస్టులో క్లోస్టెబాల్ అనే స్టెరాయిడ్‌తో దొరికి 80 ఆటలు కూర్చున్నాడు. అతని 14 ఏళ్ల, 34 కోట్ల డాలర్ల ఒప్పందం చెక్కుచెదరలేదు. రాబిన్సన్ కానో రెండోసారి దొరికి 2021 సీజన్ మొత్తం కూర్చున్నప్పుడు 2 కోట్ల 40 లక్షల డాలర్ల జీతం పోగొట్టుకున్నాడు. ఆ డబ్బు ఎవరికి మిగిలింది? జీతం చెల్లించాల్సిన జట్లకు. ఆటగాడి కండను అమ్ముకుని లాభపడిన జట్టు, అతను పట్టుబడినప్పుడూ లాభపడుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతిలోని పెద్ద లోపం ఇదే.

ఈ పద్ధతి భారం చివరికి పడేది కింద ఉన్నవారి మీద. చిన్న లీగుల్లో పరీక్షలు 2001లోనే వచ్చాయి, ఎందుకంటే అక్కడి కుర్రాళ్లకు అప్పట్లో సంఘం అండ లేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో పదహారేళ్లకే సంతకం చేసే పిల్లలకు ఒక బలమైన త్రో ఇంటిల్లిపాది బతుకును మార్చేస్తుంది. వాళ్లకు ఏ మందు ఎవరు ఇచ్చారో వాళ్లకే సరిగా తెలియకపోవచ్చు. దొరికితే పేరు వాళ్లది, ఇచ్చినవాళ్లది కాదు.

మన క్రికెట్‌నూ ఇక్కడ తలచుకోవాలి. బీసీసీఐ 2019 ఆగస్టు దాకా జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్షలకు ఒప్పుకోలేదు, సొంత ఏర్పాటే చాలంది. డబ్బున్న ఆట ఎక్కడైనా తన పరీక్షను తానే పెట్టుకోవాలని చూస్తుంది.

బేస్‌బాల్‌లో ఆ బలహీనత ఎంత లోతైనదో 2021 డిసెంబర్‌లో తెలిసింది. కార్మిక ఒప్పందం గడువు తీరి యజమానులు లాకౌట్ ప్రకటించగానే, ఒప్పందంతోపాటు పరీక్షలూ ఆగిపోయాయి. 2022 మార్చి 10న రాజీ కుదిరేదాకా మూడు నెలలకు పైగా ఒక్క సీసా కూడా తీసుకోలేదు. కండ పెంచుకోవడానికి అనువైన కాలం సరిగ్గా ఆ చలికాలమే. కార్బన్-13 లెక్కల దాకా వెళ్లిన శాస్త్రం ఒక సంతకం లేక చేతులు కట్టుకుని కూర్చుంది. పరీక్షల ఒప్పందాన్ని జీతాల బేరం నుంచి విడదీసి, ఏ లాకౌట్ వచ్చినా ఆగని స్వతంత్ర సంస్థకు అప్పగించాలి. సస్పెండైన ఆటగాడి జీతాన్ని జట్టు ఖాతాలో వదలకుండా చిన్న లీగుల కుర్రాళ్ల చదువుకు, వైద్యానికి మళ్లించాలి. 2022లో చేసుకున్న ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది.